పురిటి నొప్పులకు ఏ రాష్ట్రం? ఏ పార్టీ?

నొప్పులొచ్చిన ఆడమనిషి ఎవరి మనిషి? పోలీసుల మనిషా, అన్నల మనిషా? తెలంగాణ మనిషా, ఛత్తీస్‌గఢ్ మనిషా? అటవీ శాఖ లెక్కలో ఆక్రమణదారా, రెవెన్యూ లెక్కలో వలసదారా? ఇవన్నీ తేలేదాకా బిడ్డ కడుపులో ఆగదు. ఉమ్మనీరు పోయిందంటే పోయిందే. కాన్పయ్యాక నెత్తురు ఆగకుండా పోతే రెండు గంటల్లో మనిషి దక్కదు. అయినా ఇరవై ఏళ్ళుగా గోదావరికి అటూ ఇటూ ఉన్న అడవిలో, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లో, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన చింతూరు, వి.ఆర్.పురం మండలాల్లో, కడుపుతో ఉన్న ఆడవాళ్ళను ముందు ఈ ప్రశ్నలే అడుగుతున్నారు. మందు సంగతి ఆ తరవాత.

ఈ పక్షం సంపాదకీయం ఆ ఆడవాళ్ళ గురించి. 'మనది దళితుల పత్రిక గదా, గొత్తికోయల సంగతి మనకెందుకు' అనే అన్నలున్నారు. వాళ్ళకు జవాబు కూడా ఇందులోనే చెప్తాం, కాస్త ఓపిక పట్టి చదవండి. చదవటం రానివాళ్ళకు చదివి వినిపించండి.

సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 2005 జూన్‌లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. నక్సలైట్లను తరుముతామన్న పేరుతో గూడేలకు గూడేలు తగలబెట్టారు. ఒక తమ్ముడి చేతికి తుపాకి ఇచ్చి ఇంకో తమ్ముడి మీదికి పంపారు. పదుల వేలమందిని రోడ్డు పక్క శిబిరాల్లోకి తోలారు. పోనివాళ్ళు పదుల వేలమంది కట్టుబట్టలతో వాగులు దాటి ఇటువైపు, అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. గిరిజన కుర్రాళ్ళను ప్రత్యేక పోలీసులుగా పెట్టి తుపాకులివ్వటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది గాని, పోయిన ఊళ్ళు తిరిగి రాలేదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మురియా తెగవాళ్ళు. మనం గొత్తికోయలంటున్నాం. జుడుం ఏడాది పుట్టిన ఆడపిల్ల ఇవాళ తనే తల్లయ్యే వయసుకొచ్చింది. ఆమె పుట్టినప్పుడు కాగితం లేదు, ఆమె బిడ్డ పుట్టినప్పుడూ కాగితం లేదు.

బళ్ళో పాఠం చెప్పుకు బతికేవాళ్ళం మేము. అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీ అని ఒక గడి ఉంటుంది. ఆ గూడేల పిల్లను 'ఎప్పుడు పుట్టావమ్మా' అని అడిగితే 'ఇప్పపూలు రాలేటప్పుడు' అంటుంది. ఇంకోడు 'గుడిసెలు కాలిన యేడు' అంటాడు. మనం చూపు ఆనించి, పళ్ళు లెక్కపెట్టి, జూన్ ఒకటి అని రాసుకుంటాం. మన తాతలకూ పంతుళ్ళు అట్లాగే రాశారు, కొత్తేం కాదు. కాని ఆ పిల్లల్లోనే ఒకరు వారానికో రోజు బడి మానేస్తారు. ఎందుకని అడిగితే, సర్కారు దవాఖానాకు అమ్మ వెంట పోయిందని తెలుస్తుంది. పిల్లకు జబ్బు కాదు. అమ్మకు తెలుగు రాదు, నర్సమ్మకు కోయభాష రాదు. పదేళ్ళ ఆడపిల్ల మధ్యలో నిలబడి దుబాసీ చెయ్యాలి. 'మీ అమ్మకు నెల తప్పి ఎన్నాళ్ళైంది? నెత్తురు కనపడిందా? ముందు కాన్పులో బిడ్డ ఎట్లా పోయింది?' ఇవీ ఆ పిల్ల తర్జుమా చెయ్యాల్సిన మాటలు. మేము మూడో తరగతి వాచకంలో ఇట్లాంటి పాఠం చెప్పలేదు. ప్రతి ఏజెన్సీ దవాఖానాలో ఆ భాష తెలిసిన ఒక ఆడమనిషిని జీతమిచ్చి పెట్టటానికి ఎంత ఖర్చవుతుంది? మంత్రిగారి ఒక్క పర్యటనకు వేసే పందిరి ఖర్చు కాదా?

ఇప్పుడు మన రాష్ట్రం గొప్ప చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. అందులోనూ నూటికి 60కి పైగా కడుపు కోసి తీసినవే, దేశంలో ఇంకెక్కడా లేనంతగా. 2018-20 లెక్కలో తెలంగాణలో లక్ష కాన్పులకు చనిపోయే తల్లులు 43 మంది. పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో 137 మంది. సంతోషమే. కాని ఈ 97లో చేరని ముగ్గురెవరు? వాళ్ళుండేది ఎక్కడ? రాష్ట్రానికి ఒక కొసన అక్కర ఉన్నా లేకపోయినా కత్తి పెడుతున్నారు. ఇంకో కొసన బొడ్డు కోయటానికి కొత్త బ్లేడు లేదు. సగటు లెక్క అనేది దొరగారి దానం లాంటిది. పేపర్లో వేసుకోటానికి బాగుంటుంది, మన గిన్నెలోకి ఎంత వచ్చిందో చెప్పదు.

గొత్తికోయ గూడేలు అసలు లెక్కలోకే రావు. ఎట్లాగో చెప్తాం, ఇది అర్థం చేసుకోవాల్సిన కిటుకు. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో మూడు వేల జనానికి ఒక సబ్‌సెంటరు, ఇరవై వేల జనానికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని సర్కారు నియమం. జనం అంటే ఎవరు? కాగితం మీద ఉన్న ఊళ్ళ జనం. అడవిలో వేసుకున్న గుంపు రెవెన్యూ గ్రామం కాదు గనక ఊరు కాదు. ఊరు కాదు గనక జనం కాదు. జనం కాదు గనక ఏఎన్ఎమ్ లిస్టులో పేర్లుండవు, ఆశా కార్యకర్త పోస్టు ఉండదు, టీకాల రోజు ఉండదు. మంచి మనసున్న ఏఎన్ఎమ్ అక్క పోతే పోతుంది. అట్లా వాగులు దాటి పోయే అక్కల్ని మేము ఎరుగుదుం, వాళ్ళకు దండం పెడతాం. 2024 వానల్లో ములుగు జిల్లా వైద్యాధికారి కొండలెక్కి నడిచి వాజేడు మండలం పెనుగోలుకు పోయి జనాన్ని చూసొస్తే పత్రికలు మెచ్చుకుని రాశాయి. మెచ్చుకోవాల్సిందే. డాక్టరు గూడేనికి పోవటం వార్త అయిందంటే, పోకపోవటం అలవాటైందనే గదా.

తుపాకుల నీడలో కాన్పంటే ఎట్లా ఉంటుందో పట్నపోళ్ళకు తెలియదు. నొప్పులు అర్ధరాత్రి మొదలవుతాయి. మంచానికి తాళ్ళు కట్టి కర్ర దూర్చి మోయాలి, నలుగురు మగాళ్ళు కావాలి. రాత్రిపూట అడవిలో నలుగురు పడుచువాళ్ళు కలిసి నడుస్తుంటే ఎదురయ్యే బలగాలు ఏమనుకుంటాయి? అందుకని మగాళ్ళు జంకుతారు, తెల్లారనిద్దాం అంటారు. ఆ తెల్లారేలోపే తల్లో బిడ్డో పోతారు. సంచిలో జ్వరం మాత్రలు నాలుగెక్కువ దొరికితే 'ఇవి ఎవరికోసం' అని ప్రశ్న. ఇటు తిరిగితే, అన్నలు రోడ్లు తవ్వారు, కాలిబాటల్లో ప్రెషర్ బాంబులు పాతారు. కట్టెలకు పోయినవాళ్ళు వాటి మీద కాలుపెట్టి చచ్చిపోయారు. ఊరికి కొత్తమనిషి వస్తే ఇన్ఫార్మరని అనుమానం. నర్సమ్మ అటునుంచీ ఇటునుంచీ భయపడాలి. ఇరుపక్షాలూ ప్రజలకోసమే పోరాడుతున్నామంటాయి. ప్రజలు పుట్టేచోటికి దారి మాత్రం ఇద్దరూ మూశారు.

ఇంకో మాట రాయటానికి చెయ్యి రావటంలేదు, అయినా రాయాలి. 2015 చివర్లో, 2016 మొదట్లో బీజాపూర్, సుక్మా గూడేల్లో గాలింపులకు పోయిన బలగాలు తమను పసిబిడ్డ తల్లులమని రుజువు చేసుకోమన్నాయని, రొమ్ములు పిండి పాలు చూపమన్నాయని అక్కడి ఆడవాళ్ళు నిజనిర్ధారణకు పోయినవాళ్ళకు చెప్పుకున్నారు. బీజాపూర్ ఘటనల్లో పదహారు మంది ఆడవాళ్ళ మీద పోలీసులు లైంగిక, శారీరక దాడులు చేశారనటానికి ప్రాథమిక ఆధారాలున్నాయని 2017 జనవరిలో జాతీయ మానవ హక్కుల సంఘమే చెప్పింది. తల్లిపాలే గుర్తింపు కార్డు అయిన చోట, ఆ తల్లిని సర్కారు ఆసుపత్రికి రావమ్మా అని పిలిస్తే ఎట్లా వస్తుంది? ఆసుపత్రి గేటు ముందు కూడా ఆ డ్రెస్సే నిలబడి ఉంటే? 'ఆదివాసులకు అవగాహన లేదు' అని మీటింగుల్లో మాట్లాడే ఆఫీసర్లు కాసేపు ఆ గేటు దగ్గర గడ్డం కింద చెయ్యిపెట్టుకుని ఆలోచించాలి.

డాక్టర్ల మీదా ఆ భయం పడింది. బినాయక్ సేన్ పిల్లల డాక్టరు. ఛత్తీస్‌గఢ్ గని కూలీల మధ్య, ఆదివాసుల మధ్య పనిచేసినాయన. 2007 మేలో అరెస్టు చేశారు. 2010 డిసెంబరులో రాజద్రోహం కింద యావజ్జీవం వేశారు. 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. కేసు మంచిచెడ్డలు అటుంచండి. అడవికి పోదామనుకున్న కుర్ర డాక్టర్లు ఎంతమంది ఆ వార్త చదివి పట్నంలో బోర్డు కట్టుకున్నారో ఎవరు లెక్క తీశారు?

ఇప్పుడు 'మనకెందుకు' అన్న అన్నలకు జవాబు.

2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో ఒక అటవీ అధికారిని నరికి చంపారు. హత్య హత్యే, దాన్ని ఎవరమూ సమర్థించం. చేసిన ఇద్దరికి 2023 ఆగస్టులో కోర్టు యావజ్జీవం వేసింది. చట్టం తన పని చేసింది. కాని అంతకుముందే, హత్య జరిగిన రోజుల్లోనే, అక్కడి పంచాయతీ ఆ గుంపు గొత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్‌కు పంపెయ్యాలని తీర్మానం చేసింది. ఇద్దరు చేసిన దానికి గుంపు మొత్తానికి శిక్ష. ముసలమ్మకూ, పాలు తాగే పిల్లకూ, కడుపులో ఉన్న పిండానికీ శిక్ష. దీనికి మన భాషలో పేరేంటో మాల మాదిగ వాడల్లో అడగండి. వెలి అంటారు. సాంఘిక బహిష్కరణ అంటారు. 1991లో చుండూరులో మనవాళ్ళను చంపకముందు చేసిందేంటి? పొలం పని బంద్, అంగట్లో సరుకు బంద్. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపాక మిగిలినవాళ్ళు తెనాలి పోయి శిబిరంలో తలదాచుకున్నారు. అంతకుముందు 1985 జూలై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపితే ఊరు ఊరంతా చీరాల వచ్చింది. ఆ గుడారాల్లో చూలాళ్ళు లేరా? పచ్చి బాలింతలు లేరా? వానకు తడుస్తూ, నలుగురి కళ్ళముందు, చాటులేని చోట బిడ్డకు పాలివ్వటం ఎట్లా ఉంటుందో మన తల్లుల్ని అడిగితే చెప్తారు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు మనం స్తూపాల మీద చెక్కుకున్నాం. శిబిరాల్లో పుట్టినవాళ్ళ లెక్క రాసినవాళ్ళు ఎంతమంది? ఇల్లు వదిలి పారిపోయిన ఆడమనిషి కష్టం దేశంలో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? మణిపూర్‌లో 2023 మే తరవాత కొండల మీది కుకీలకు ఇంఫాల్ పెద్దాసుపత్రుల దారి మూసుకుపోయిందని విన్నప్పుడు మనకు అర్థం కాక వివరించమన్నామా? చెప్పకుండానే అర్థమైంది.

ఇంకో సంబంధం ఉంది. బొడ్డు కోసింది ఎవరు? తరతరాలుగా ఊరంతటికీ మంత్రసానులు మన ఆడవాళ్ళే. మాల, మాదిగ, మంగలి, చాకలి ఇళ్ళ ఆడవాళ్ళు. దొరసాని నొప్పులు పడుతుంటే వెనకగుమ్మం నుంచి పిలుస్తారు. నెత్తురులో చేతులు పెట్టి బిడ్డను తీసేది మన అవ్వ. మాయ పాతిపెట్టేది మన అవ్వ. పదకొండో నాడు పురుడు పోసుకున్నాక మళ్ళీ గడప తొక్కనివ్వరు. కూలి ఏంటంటే ఒక పాత చీర, సోలెడు బియ్యం. అదీ మైల పని గనక మైల మనిషికి. ఆ చేతికి ఎంత చదువుందో ఎవరూ రాసుకోలేదు. తరవాత సర్కారోళ్ళొచ్చి 'మంత్రసాని మూఢురాలు, అందరూ ఆసుపత్రికే రావాలి' అన్నారు. ఆసుపత్రికి రమ్మనటం మంచిదే, మేమూ అదే అంటాం. నెత్తురు ఎక్కించాల్సి వస్తే, ఆపరేషన్ కావాల్సి వస్తే ఏ అవ్వా ఏమీ చెయ్యలేదు. అవ్వల్లో కొందరు బొడ్డు మీద బూడిద పూసి బిడ్డల్ని ధనుర్వాతానికి అప్పజెప్పిందీ నిజమే. కాని ఆసుపత్రే లేని చోట, దారే లేని చోట, 'ఆసుపత్రికి రా' అనటం మాట కాదు, చేతులు దులుపుకోవటం.

మరి ఏం చెయ్యాలి? చేసి చూపించినవాళ్ళున్నారు. మన గోదావరి అవతలే, నక్సలైట్ జిల్లా అని పేరుపడ్డ గడ్చిరోలిలో. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1990ల్లో 39 ఊళ్ళలో ఒక పని చేశారు. ఊరి ఆడమనిషినే, నాలుగు అక్షరాలు వచ్చినదాన్ని ఎంచుకున్నారు. కాన్పు దగ్గర మంత్రసానితోపాటు ఆమెను కూర్చోబెట్టారు. బిడ్డ ఏడవకపోతే గాలి ఊదటం, తూకం వెయ్యటం, వెచ్చగా చుట్టటం, చీము జ్వరం పట్టిందని గుర్తుపట్టి సూదిమందు వెయ్యటం, అన్నీ నేర్పారు. ఇంటింటికీ పదేపదే తిరగమన్నారు. నెలలోపు పసిగుడ్ల చావులు, ఈ పని చెయ్యని ఊళ్ళతో పోల్చి చూస్తే, నూటికి 62 వంతులు తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే ప్రపంచ వైద్య పత్రికలో అచ్చయింది. ఏసీ గది కట్టలేదు, విమానంలో మిషన్లు తేలేదు. ఊళ్ళో ఉన్న ఆడమనిషిని నమ్మారు. అంతకుముందే, 1970 నుంచి, మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో ఆరోలే దంపతులు ఊరూరా ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకున్నవాళ్ళలో అక్షరం ముక్క రాని దళిత స్త్రీలున్నారు. ముట్టుకుంటే మైల అన్న ఇళ్ళవాళ్ళే ఆ చేతులతో మందు తీసుకున్నారు. అంబేడ్కర్ కులం పునాదుల్ని పగలగొట్టాలని ఎందుకన్నాడో ఇక్కడ అర్థమవుతుంది. ఆయన సంగతి వచ్చింది గనక ఇదీ చెప్పాలి. 1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ ఆడకూలీల ప్రసూతి బిల్లు మీద మాట్లాడుతూ, కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి ఇవ్వటం దేశానికే మేలని, ఆ భారం సర్కారు కూడా మొయ్యాలని వాదించింది బాబాసాహెబే. విగ్రహాలకు దండలేసే లీడర్లు ఆ ఉపన్యాసం కూడా ఒకసారి తిరగెయ్యాలి.

గడ్చిరోలి పద్ధతినే కేంద్ర ప్రభుత్వం 2011లో ఆశాల పనిలో చేర్చింది. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు, తరవాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా వచ్చి తల్లినీ బిడ్డనీ చూడాలి. ఆసుపత్రి కాన్పయితే మొదటి రోజుది తీసేసి ఆరుసార్లు. నెలలోపు పోయే బిడ్డల్లో నాలుగింట మూడొంతుల మంది మొదటి వారంలోనే పోతారు గనక ఆ మొదటి మూడు రాకలూ ప్రాణంతో సమానం. మన వాడలో ఎంతమంది బాలింతల దగ్గరికి ఏడుసార్లు వచ్చారు? రాకపోతే ఆశా చెల్లెని తిట్టొద్దు. ఆమెకు జీతం కాదు, పారితోషికం. ఆమె కూడా మన ఇంటి పిల్లే. ఆమెను పంపాల్సిన పై ఆఫీసును అడగండి.

నెత్తురు పోత ఆపే మందులూ ఉన్నాయి. ఆక్సిటోసిన్ సూదిమందును ఫ్రిజ్‌లో ఉంచాలి. కరెంటు లేని గూడెంలో అది చెడిపోతుంది. మిసోప్రోస్టాల్ మాత్రలకు ఫ్రిజ్ అక్కర్లేదు. ఇంటి కాన్పు తప్పని చోట్ల, బిడ్డ బయటికొచ్చి కడుపులో ఇంకో బిడ్డ లేదని చూసుకున్నాక తల్లి మింగేటట్లు, నేర్పించి ముందే చేతికివ్వాలని 2013లో కేంద్ర ఆరోగ్యశాఖే చెప్పింది. బిడ్డ పుట్టకముందు మింగితే ప్రమాదం, అందుకే నేర్పించి ఇవ్వాలి. అడవిలో మాత్రలు దొరికితే నేరమన్నట్టు చూసే రాజ్యంలో ఈ మాత్రలు ఎవరు పంచుతారు? జిల్లా కలెక్టరు, ఎస్పీ కలిసి ఒక ఉత్తర్వు రాసి ప్రతి క్యాంపు గోడకు అంటించాలి. చూలాలినీ, బాలింతనూ, ఆమెను మోసేవాళ్ళనూ, ఆమె మందుల్నీ ఏ వేళ అయినా ఆపొద్దు అని.

కాగితాల సంగతికొద్దాం. వీళ్ళు ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగ, ఇక్కడికొస్తే కాదంటారు. కులాల జాబితాలు రాష్ట్రాన్నిబట్టి ఉంటాయని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రం నుంచి బొంబాయి పోయిన ఒక గిరిజన విద్యార్థి మెడికల్ సీటు కేసులోనే ఆ తీర్పు వచ్చింది. పొట్టచేతబట్టుకుని బొంబాయి పోయిన మన మాల మాదిగలకూ ఆ దెబ్బ తెలుసు. రిజర్వేషన్ వాదం వేరే, అది ఇంకో సంచికలో మాట్లాడుకుందాం. పురిటికి కుల సర్టిఫికెట్‌తో పనేంటి? 2011 జూన్‌లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం ప్రకారం సర్కారు దవాఖానాకు వచ్చిన ఏ గర్భిణికైనా కాన్పు, ఆపరేషన్, మందులు, నెత్తురు, తిండి, పోను రాను బండి ఉచితం. ఒక రాష్ట్రం కార్డున్న పేదరాలు ఇంకో రాష్ట్రంలో ఉందని చెప్పి తల్లికిచ్చే సేవలు ఆపొద్దని, పేదరికం రుజువు భారం ఆమె నెత్తిన పెట్టొద్దని 2010 జూన్ 4న ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అత్యవసరంలో సర్కారు ఆసుపత్రి వైద్యం చెయ్యకపోతే అది 21వ అధికరణను మీరటమేనని 1996లోనే సుప్రీంకోర్టు పశ్చిమ బెంగాల్ కూలీల కేసులో తేల్చింది. ఇది యుద్ధం కాదు, శాంతిభద్రతల సమస్య అంటుంది సర్కారు. యుద్ధమే అయితే జెనీవా ఒప్పందాలు గర్భిణుల్ని ప్రత్యేకంగా కాపాడాలంటున్నాయి, మన దేశం వాటిమీద సంతకం పెట్టింది. యుద్ధం కాదంటే రాజ్యాంగం ఉంది. రెండింట్లో దేనికి కట్టుబడతారో వాళ్ళే చెప్పాలి.

మనలో ఇంకో గొణుగుడుంది, దాచటం ఎందుకు. 'వాళ్ళొచ్చి అడవి నరుకుతున్నారు, పోడు ఆక్రమిస్తున్నారు, మనకే భూమి లేదు' అని. స్థానిక కోయలూ ఈ మాట అంటున్నారు, మన వాడల్లోనూ అంటున్నారు. భూమి తగాదా నిజమే. దానికి సర్కారు తేల్చాల్సిన లెక్కలున్నాయి, ఎదురూబొదురూ కూచుని మనం మాట్లాడుకోవాల్సినవీ ఉన్నాయి. కాని వేల ఎకరాలు దొరల కింద, కంపెనీల కింద పోతుంటే నోరెత్తనివాళ్ళు గొత్తికోయ గుడిసె మీదికి ట్రాక్టరు పోతుంటే చప్పట్లు కొట్టటం ఏం న్యాయం? 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ శాఖ వానాకాలంలో గుడిసెలు పడగొట్టింది. ఆ వానలో పసిబిడ్డను వెచ్చగా ఎక్కడ పడుకోబెట్టాలి? తక్కువ తూకం బిడ్డకు చలి తగలటమే చాలు. భూమి తగాదా భూమి దగ్గర తేల్చుకుందాం, పురిటి మంచం దగ్గర కాదు.

2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల్లో పెద్ద గాలింపు జరిగింది. మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ళ కేశవరావును చంపారు. ఆ తరవాత చాలామంది లొంగిపోయారు. 2026 మార్చి 31 నాటికల్లా అంతా అయిపోతుందని ఢిల్లీ గడువు పెట్టుకుంది. తుపాకి మోత తగ్గితే అందరికన్నా ఎక్కువ సంతోషించేది బాలింతే. కాని తుపాకులు పోయినంత మాత్రాన నర్సమ్మ దానంతటదే వస్తుందా? క్యాంపుకు రోడ్డు పడ్డంత వేగంగా సబ్‌సెంటరుకు పడుతుందా? ఇన్నాళ్ళూ 'అక్కడ నక్సలైట్లున్నారు, మేం పోలేం' అనేది సాకు. ఆ సాకు పోయాక ఏ సాకు చెప్తారో చూడాలి.

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక పని అప్పజెప్తున్నాం. ఊరికో నోటుబుక్కు పెట్టండి. మన వాడ, కోయగూడెం, వాగు అవతలి గొత్తికోయ గుంపు, అన్నీ అందులోనే రాయండి, వేరే పుస్తకం పెట్టొద్దు. చూలాలి పేరు, ఎన్నో నెల, ఎన్నో కాన్పు, ముందు బిడ్డలు ఎంతమంది పోయారు, రక్తం ఎంతుందో చూశారా, మలేరియా పరీక్ష చేశారా, దోమతెర ఉందా. 108 బండి ఎక్కడిదాకా వస్తుంది, అక్కడిదాకా మంచం మోసే నలుగురెవరు, రాత్రయితే ఎవరి ట్రాక్టరు, ఎవరి ఆటో. మోసేవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళుంటే మంచిది. ప్రమాదపు గుర్తులు పుస్తకం అట్ట మీద రాయండి: కడుపుతో ఉండగా నెత్తురు కనపడటం, ముఖం చేతులు వాచి తలనొప్పి, కళ్ళు మసకలు, ఫిట్స్, ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోవటం, పన్నెండు గంటలైనా కాన్పు కాకపోవటం, కాన్పయ్యాక గుడ్డలు తడిసిపోయేంత నెత్తురు, వణుకుతో జ్వరం. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా, కాలిపోయినా, డొక్కలెగరేసినా ఆగొద్దు. పుట్టిన బిడ్డకు ఆ రోజు నీళ్ళు పొయ్యొద్దు, తుడిచి తల్లి రొమ్ముకు ఆనించి దుప్పటి కప్పండి, గంటలోపు పాలు పట్టించండి, ముర్రుపాలు పిండి పారబొయ్యొద్దు, బొడ్డు మీద ఏమీ పుయ్యొద్దు. మీ ఊళ్ళో అవ్వలకు ఇవన్నీ చెప్పేటప్పుడు మర్యాదగా చెప్పండి. వాళ్ళు తీసిన బిడ్డలమే మనమంతా.

ఆ జాబితా రెండు ప్రతులు రాసి ఒకటి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యనంటే తేదీ, టైము, అక్కడున్నవాళ్ళ హోదా రాసి మాకు పంపండి, ఈ పత్రికలో వేస్తాం. జూన్‌లో వాగులు పొంగితే ఎవరూ ఎటూ కదల్లేరు. శ్రావణ భాద్రపదాల్లో నెలలు నిండేవాళ్ళ పేర్లు ముందు రాయండి.